నేల మీద మొదటి ఏడాది: ఏ పని ముందు, ఏది తర్వాత

కొంచెం నేల సంపాదించుకుని, అక్కడే ఇల్లు వేసుకుని, తినేదాంట్లో కొంతైనా సొంతంగా పండించుకుంటూ బతకాలని బయల్దేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆ పని మొదలుపెట్టి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో నష్టపోయినవన్నీ లెక్కేసి చూస్తే, పని చేతకాక పోయినవి తక్కువ. ముందు చేయాల్సింది వెనక, వెనక చేయాల్సింది ముందు చేసి పోగొట్టుకున్నవే ఎక్కువ. కంచె వేయకముందే మొక్కలు నాటాను. నీళ్ల లెక్క చూసుకోకముందే మడులు పెంచాను. గూడు గట్టిగా కట్టకముందే కోళ్లను తెచ్చాను. అందుకే కింద చెప్పేదంతా వరుస గురించే: నీళ్లు, కంచె, మట్టి, మొక్క, ఆ తర్వాతే ప్రాణులు.

నేల ఇంకా కొనకపోతే ముందు ఇది చూడండి. హద్దులు కొలిపించండి. దారి మీద హక్కు, బావి తవ్వుకునే హక్కు, ఇల్లు కట్టుకునే అనుమతి ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోండి, నోటిమాట వద్దు. తర్వాత ఆ నేలను రెండుసార్లు చూడండి: జోరు వానలో ఒకసారి, నీళ్లకు బాగా కటకటగా ఉన్న రోజుల్లో ఒకసారి. హాయిగా ఉన్న రోజున చూస్తే ఏ నేలైనా బాగానే ఉంటుంది.

నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

గట్టిగా వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని, ఒక కట్ట పుల్లలు చంకన పెట్టుకుని నేలంతా తిరగండి. నీళ్లు పారేచోట ఒక పుల్ల, నిలిచేచోట రెండు, మట్టి కోసుకుపోయేచోట మూడు పుల్లలు గుచ్చండి. వాన వెలిశాక ఆ పుల్లలే మీకు పటం. ఇల్లు, కొట్టం, గూడు, మడులు ఎక్కడ ఉండాలో సగం వరకు అవే చెప్తాయి. నేను ఈ పని చేయకుండా, చదునుగా ఉంది కదా అని ఒకచోట సామాన్ల కొట్టం వేశాను. ప్రతి వానకూ పైనుంచి ఒండ్రు కొట్టుకొచ్చి చదునైన చోటు అదని మొదటి పెద్ద వానకే తెలిసింది. దాణా బస్తాలు, విత్తనాల డబ్బాలు చీలమండ లోతు నీళ్లలో ఉన్నాయి. కొట్టం విప్పి పక్కకు మార్చడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇప్పుడు లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. వానలు లేని రోజుల్లో కూరగాయల మడికి వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే 10 చదరపు మీటర్ల మడికి వారానికి 250 లీటర్లు. పది మడులుంటే 2500 లీటర్లు. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. మీ బావి, మీ ట్యాంకు ఆ నీళ్లు ఇవ్వగలవా? ఇవ్వలేకపోతే మడులు తగ్గించుకోండి. అంతేగానీ నీళ్లు ఎలాగో వస్తాయిలే అని నారు పోయొద్దు. ఎండిపోతున్న మొక్కల్ని రోజూ చూస్తూ ఉండటం చాలా కష్టంగా ఉంటుంది.

పైకప్పు మీద పడే వానను వదులుకోవద్దు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు వృథా అయిందనుకున్నా 800 లీటర్లు చేతికొస్తాయి. మూడు మడులకు ఒక వారం సరిపోయే నీళ్లవి. మొదట వచ్చే నీళ్లలో దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి కాబట్టి వాటిని బయటికి వదిలేసి ఆ తర్వాతవే పట్టుకోండి. ట్యాంకుకు మూత, దోమలు దూరకుండా సన్నటి జల్లెడ తప్పనిసరి.

తాగడానికి వాడే బావి నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించకుండా తాగొద్దు. సూక్ష్మజీవులు, నైట్రేటు, లవణాలు, ఈ మూడూ చూపించండి. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు. మరుగుదొడ్డి గుంతకూ బావికీ మధ్య కనీసం 30 మీటర్ల ఎడం ఉంచి, గుంత బావికి దిగువన వచ్చేలా చూసుకోండి. మీ చోట నిబంధనలు ఇంకా ఎక్కువ దూరం అడిగితే అదే పాటించండి.

నేల వాలుగా ఉంటే, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను గుర్తుపెట్టడానికి ఒక చిన్న పనిముట్టు చేసుకోండి. దీనికి కొనాల్సింది ఏమీ లేదు. ఆరడుగుల కర్రలు రెండు తీసుకుని పై కొసలు కలిపి కట్టండి, కింది కాళ్లు నాలుగైదు అడుగులు విడిపోవాలి. మధ్యలో ఒక అడ్డకర్ర బిగించండి. పైనుంచి దారం కట్టి, అడ్డకర్ర దాటి దిగేలా ఒక రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ ఆనినచోట నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకినచోట గీత గీయండి. ఇప్పుడు దాన్ని తిప్పి, ఎడమ కాలు ఉన్నచోట కుడికాలు, కుడికాలు ఉన్నచోట ఎడమకాలు పెట్టి మళ్లీ గీత గీయండి. ఈ రెండు గీతలకూ సరిగ్గా నడిమిన మూడో గీత గీయండి. దారం ఆ గీత మీదికి వచ్చిందంటే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలా ఒక్కో అడుగు వేయించుకుంటూ వాలుకు అడ్డంగా నడిచి, ప్రతి అడుగుకూ ఒక పుల్ల గుచ్చండి. ఆ పుల్లల వరుస వెంబడి మడులు, కందకాలు వేస్తే నీళ్లు పరుగెత్తకుండా ఆగి ఇంకుతాయి. మా వాలు మీద ఒక మధ్యాహ్నం ఇద్దరం కలిసి మూడు వరుసలు గుర్తుపెట్టాం. తర్వాతి వానకు కందకాల్లో నీళ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మట్టంగా నిలబడి కనిపించాయి. ఏడాది మొత్తంలో నాకు అంత సంతోషం ఇచ్చిన పని ఇంకోటి లేదు.

కంచె, గేటు

నేను 40 పండ్ల మొక్కలు నాటి, కంచె వచ్చే నెల వేద్దాంలే అనుకున్నాను. పశువులు ఒక్క రాత్రి దూరాయి. తెల్లారేసరికి 34 మొక్కలకు ఆకు లేదు, కొన్నింటికి బెరడు కూడా లేదు. కాబట్టి మొక్క కన్నా ముందు కంచె. డబ్బు మొత్తం నేలకు సరిపోకపోతే, నాటబోయే ముక్క చుట్టూ మాత్రమే గట్టిగా వేయండి. ఎకరం చుట్టూ వేసిన బలహీనమైన కంచె దేన్నీ ఆపదు.

గుంజ పొడవులో మూడో వంతు భూమిలో ఉండాలి. తీగ లాగుడంతా మూల గుంజల మీదే పడుతుంది. అందుకని ప్రతి మూలా రెండు గుంజలు పాతి, వాటి మధ్య పైన అడ్డకర్ర బిగించి, ఏటవాలుగా తీగ మెలిపెట్టి బిగించండి. మూలలు కదలకపోతే మధ్య గుంజలు కొంచెం దూరంగా ఉన్నా ఫరవాలేదు. గేటు 12 అడుగులకు తగ్గకుండా పెట్టండి. మాది ఎనిమిదడుగులే పెట్టాం. పేడ తెచ్చిన లారీ లోపలికి రాలేక బయటే దించేసి పోయింది. ఆ పేడంతా తట్టలతో మోశాం.

మట్టి

గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బుపొడి కలిపి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తీసుకుని దిగేది బంకమట్టి. పొరల మందం చూస్తే మీ నేల ఎలాంటిదో కళ్లకు కనపడుతుంది. తర్వాత అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి. రెండోసారి నింపి గంటలో ఎంత దిగిందో కర్రతో కొలవండి. ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే కూరగాయలకు మంచిది. అంగుళం కూడా దిగకపోతే మడులు ఎత్తుగా కట్టుకోవాలి.

ల్యాబుకు పంపే మట్టి ఒకేచోట తీయొద్దు. పది పదిహేను చోట్ల, ఆరంగుళాల లోతు దాకా తీసి, రాళ్లు, వేర్లు ఏరేసి, కలిపి, నీడలో ఆరబెట్టి, అందులోంచి అరకిలో పంపండి. ఫలితం వచ్చేదాకా సున్నం, ఎరువుల జోలికి పోవద్దు.

కంపోస్టు మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి కావాల్సింది కాలమే. గజం పొడవు, గజం వెడల్పు, గజం ఎత్తు కుప్ప ఉంటేనే వేడి నిలుస్తుంది. ఎండుటాకులు, గడ్డి లాంటివి రెండు మూడు తట్టలైతే, పచ్చి ఆకు, వంటింటి తొక్కలు, పేడ ఒక తట్ట. పిండేసిన తడిగుడ్డంత తేమ ఉండాలి. లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కాలి. థర్మామీటరు లేకపోతే ఇనుప కడ్డీ గుచ్చి, పది నిమిషాల తర్వాత తీసి పట్టుకోండి. చేత్తో ఎక్కువసేపు పట్టుకోలేకపోతే కుప్ప బాగా నడుస్తున్నట్టు. కంపు కొడితే ఎండుచెత్త కలిపి తిరగేయండి. చల్లగా ఉండిపోతే పచ్చిది, కొంచెం నీళ్లు చేర్చండి. పచ్చి పేడ నేరుగా మడిలో వేస్తే, నేలను తాకే పంట కోతకు కనీసం 120 రోజులు, తాకని పంటకు 90 రోజులు ఎడం ఉండాలి. పేడలో ఉండే సూక్ష్మజీవులు ఆకుకూరల మీదికి చేరితే పిల్లలకు ప్రమాదం.

బయటి నుంచి తెచ్చే పేడ, గడ్డి విషయంలో ఒక హెచ్చరిక. ఈ సంగతి నాకు ముందుగా ఎవరైనా చెప్పుంటే బాగుండేది. గడ్డి బీళ్లలో కొట్టే కొన్ని కలుపు మందులు, అమినోపైరాలిడ్ లాంటివి, పశువు తిన్నా అరగవు. పేడలోకి వస్తాయి, కంపోస్టు వేడికి కూడా త్వరగా పోవు. మా టమాటా మొక్కల లేత ఆకులు చెంచాల్లా ముడుచుకుని, కొసలు మెలికలు తిరిగాయి. తెగులేమో అనుకుని నెల రోజులు ఏవేవో చేశాను. అసలు కారణం ఎరువే. మీరైతే తెచ్చిన ఎరువును సగం మట్టితో కలిపి మూడు కుండీల్లో పోసి, మరో మూడు కుండీల్లో ఒట్టి మట్టి పోసి, అన్నింట్లో చిక్కుడు గింజలు పెట్టండి. మూడు వారాలు చూడండి. ఎరువు కుండీల్లో ఆకులు ముడుచుకుని, ఒట్టి మట్టిలో బాగుంటే, ఆ ఎరువు కూరగాయలకు వేయొద్దు.

మొక్కలు, ఈసారికి కొన్నే

మొదటి ఏడాది 10 చదరపు మీటర్ల మడులు మూడు చాలు. అందులో మీ ఇంట్లో రోజూ తినేవే వేయండి, ఐదారు రకాలకు మించొద్దు. పాత విత్తనాలైతే పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఎన్ని మొలిస్తే అంత నమ్మకం. ఐదే మొలిస్తే రెట్టింపు గింజలు పోయాలి. ఉన్న గింజలన్నీ ఒకేరోజు విత్తకుండా రెండు మూడు వారాల ఎడంతో విడతలుగా వేస్తే కోత కూడా విడతలుగా వస్తుంది. నీడలో పెంచిన నారును వారం పది రోజుల పాటు రోజుకు కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేసి నాటండి. మొక్కల మొదళ్ల చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డి, ఆకులు పరవండి, కాండానికి మాత్రం తగలనీయొద్దు. ఆ పరుపు లేని మడికీ ఉన్న మడికీ నీళ్లలోనూ, కలుపులోనూ తేడా రెండు వారాల్లోనే కనిపించింది.

పండ్ల చెట్లు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, కంచె అయిపోగానే మొదట నాటాల్సింది అవే. గుంత వెడల్పు వేరు ముద్దకు రెండు మూడింతలు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తు అంతే. కాండం అడుగున వెడల్పై వేర్లుగా మారే చోటు నేల మట్టానికి పైన కనపడాలి. అది పూడిపోతే చెట్టు ఏళ్ల తర్వాత కూడా చచ్చిపోవచ్చు.

విత్తనం దాచుకోవాలనుకుంటే టమాటా, చిక్కుడు లాంటి వాటితో మొదలుపెట్టండి. అవి ఎక్కువగా తమలో తామే గింజ కడతాయి. గుమ్మడి జాతివి పక్కవాటితో కలిసిపోతాయి, వచ్చే ఏడాది ఏం కాస్తాయో చెప్పలేం.

కోళ్లు

నీళ్లు, కంచె, మడులు కుదుటపడ్డాకే ప్రాణుల గురించి ఆలోచించండి. మొక్కకు ఒకరోజు ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. కోడికి పూట పూటా నీళ్లు, దాణా, సాయంత్రం తలుపు ఉండాల్సిందే, మీకు జ్వరమొచ్చినా, ఊరెళ్లాల్సి వచ్చినా సరే. మీరు లేనిరోజు చూసే మనిషి ఎవరో ముందే మాట్లాడుకోండి.

నేను 12 కోళ్లు తెచ్చాను. మూడో వారంలో ఒక రాత్రి ఐదు పోయాయి. పొద్దున్నే వెళ్తే జాలీ ఒక మూల, నేల దగ్గర, చెయ్యి దూరేంత చిరిగి ఉంది. లోపల ఈకలు. మిగిలిన ఏడూ పై కర్ర మీద ఒకదానికొకటి ఆనుకుని, తలుపు తీసినా దిగకుండా కూర్చున్నాయి. అంతకుముందు ఎప్పుడూ నా అలికిడి వినగానే కిందికి దూకేవి. ఆ ఉదయం అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. వాటి ప్రాణాలకు నాది పూచీ, నేను సరిగ్గా కాపాడలేకపోయాను.

ఆ పల్చటి ఆరుమూలల కోళ్ల జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందే తప్ప, బయటి జంతువు లోపలికి రాకుండా ఆపలేదు. అరంగుళం కన్నున్న గట్టి వెల్డెడ్ మెష్ వాడండి. గూడు చుట్టూ నేల మీద, బయటివైపుకు రెండడుగుల వెడల్పున అదే మెష్ పరిచి, గోడకు బిగించి, పైన మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ పక్కనే తవ్వడం మొదలుపెట్టి మెష్ తగిలి వదిలేస్తుంది. గాలి కిటికీలకు కూడా అదే మెష్ వేయండి. ఒట్టి గొళ్లెం కొన్ని జంతువులు తీసేస్తాయి, దానికి ఒక కొక్కెం కూడా తగిలించండి. చీకటి పడేలోపు లెక్కపెట్టి తలుపు వేయండి. గూడు ఇలా కట్టిన తర్వాత ఇంతవరకూ ఒక్క కోడి కూడా పోలేదు.

మీరు నాలుగైదు కోళ్లతో మొదలుపెట్టండి. కోడికి గూట్లో నాలుగు చదరపు అడుగులు, బయట పది చదరపు అడుగులు తగ్గకూడదు. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. కోడిపిల్లల్ని తెస్తే మొదటి వారం 35 డిగ్రీల వేడిలో ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మొదటిసారికి అది పెద్ద టెన్షన్. 16 నుంచి 18 వారాల పెట్టల్ని తెచ్చుకుంటే నెలా రెండు నెలల్లో గుడ్లు మొదలవుతాయి. పెద్ద కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, పావులీటరు నీళ్లు తాగుతుంది. ఎండల్లో ఆ నీళ్లు రెట్టింపు కావచ్చు. గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల గుల్లపొడి వేరే గిన్నెలో పెట్టండి, కావాల్సినంత అవే తింటాయి. పగటి వెలుగు తగ్గే రోజుల్లో ఈకలు రాలి, రెండు మూడు నెలలు గుడ్లు ఆగిపోతాయి. అది జబ్బు కాదు. తర్వాత ఎప్పుడైనా కొత్త కోళ్లు తెస్తే, నెల రోజులు విడిగా ఉంచాకే పాతవాటిలో కలపండి.

మేకలు, పాడి పశువులు మొదటి ఏడాది వద్దు. మేక ఒంటరిగా ఉండలేదు, కాబట్టి ఒకటి అంటే రెండు. పాలిచ్చేది ఉంటే పొద్దున, సాయంత్రం పితకాల్సిందే, ఒక్కరోజూ సెలవు ఉండదు.

పంటంతా ఒక్కసారి వస్తే

ఎంత విడతలుగా వేసినా ఏదో ఒకటి కుప్పగా వస్తుంది. ఎండబెట్టడం అన్నిటికన్నా తేలిక. ముక్కలు సన్నగా కోసి, విరిస్తే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. వారం తర్వాత మూత లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండకు పెట్టండి. గాజు సీసాల్లో మూత బిగించి నిల్వ చేసే పద్ధతిలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. చిక్కుడు, మొక్కజొన్న లాంటి పులుపు లేని కూరగాయల్ని మామూలు నీళ్లలో ఎంతసేపు మరిగించినా బొటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు చావవు, ప్రాణం మీదికి వస్తుంది. వాటికి అందుకోసమే తయారైన ప్రెషర్ క్యానర్ (సీసాలను ఆవిరి ఒత్తిడితో మరిగే నీళ్లకన్నా ఎక్కువగా వేడిచేసే పాత్ర), పరీక్షించిన కొలతలు ఉండాలి. లేకపోతే ఎండబెట్టండి, ఫ్రీజర్లో పెట్టండి, పంచిపెట్టండి. టమాటా పులుపు కూడా అంతంతమాత్రమే, సీసాకెత్తేటప్పుడు కొలత ప్రకారం నిమ్మరసం కలపాలి.

డబ్బు, ఒళ్లు

చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు ఏడాది చివరిదాకా ముట్టుకోకండి. మోటారు కాలిపోవడం, కప్పు లేచిపోవడం లాంటివి చెప్పి రావు. వచ్చే ఆదాయం ఏదైనా ఉంటే మొదటి ఏడాది వదిలేయొద్దు. పనిముట్లు కొన్నే కొనండి, మంచివి కొనండి: పార, గడ్డపార, కొడవలి, చేతిరంపం, తోపుడుబండి, ఒక ఆకురాయి. రోజూ పని అయ్యాక ఐదు నిమిషాలు పదును పెడితే నడుము మీద భారం సగం తగ్గుతుంది. ఏడాదికి రెండుసార్లు వాడే యంత్రాలు అద్దెకు తెచ్చుకోండి. ధనుర్వాతం టీకా వేసుకుని పదేళ్లు దాటితే, గడ్డపార పట్టేముందే వేయించుకోండి. నేను వేయించుకోలేదు. తుప్పుపట్టిన తీగ చేతికి గీరుకుని, దెబ్బ తగిలాక ఆ రాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

నోటుపుస్తకం

తలుపు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం, దారంతో పెన్సిల్ వేలాడదీయండి. రోజూ రెండు లైన్లు చాలు: వాన ఎంత, ఏం విత్తాం, ఏది మొలిచింది, ఎన్ని గుడ్లు, ఏది చచ్చిపోయింది. నెలకొకసారి ఒకే తేదీన, పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకూ, ఇల్లు, చెట్ల నీడ ఎక్కడిదాకా వస్తోందో గీసుకోండి. ఏడాదిలో నీడ ఎంత జరుగుతుందో ఊహకు అందదు. మా మూడో మడి ఆరు నెలలు మంచి ఎండలో ఉండి, తర్వాతి నాలుగు నెలలు మధ్యాహ్నం దాకా నీడలో పడింది. పక్కా కట్టడాలు, చిన్నవైనా సరే, ఈ పన్నెండు బొమ్మలు పూర్తయ్యాకే మొదలుపెట్టండి. పదమూడో నెల మొదటి వానకు నేను మళ్లీ ఒక కట్ట పుల్లలు తీసుకుని బయటికి వెళ్లాను. మూడు పుల్లలు గుచ్చాల్సిన చోట్లు పోయినేడు తొమ్మిది, ఈసారి రెండే ఉన్నాయి. ఆ రెండూ గేటు పక్కనే ఉన్నాయి, ఈ వారం అక్కడ రాళ్లకట్ట వేస్తున్నాం.